వాడిన ఎఫ్430 కొంటున్నాను: మాన్యువల్ మేలా, ఎఫ్1 గేర్‌బాక్స్ మేలా?

ప్రశ్న: మధ్యఇంజను

చాలాకాలంగా వాయిదా వేస్తూ వచ్చిన కోరిక తీరే వీలు ఇప్పటికి చిక్కింది. వాడిన స్పోర్ట్స్ కారు ఒకటి కొనాలని నిశ్చయించుకుని, 360 మోడెనా, గల్లార్డో, ఆడి ఆర్8 మూడింటినీ పరిశీలించి, చివరికి ఫెరారీ ఎఫ్430 దగ్గర ఆగాను. 360లో ఉన్న టైమింగ్ బెల్టుకు బదులు ఇందులో చెయిన్లు ఉండటం, 4.3 లీటర్ల వి8 ఇంజను 490 హార్స్‌పవర్ ఇవ్వటం, అన్నిటికీ మించి ఆ ధ్వని నన్ను ఇటు మొగ్గేలా చేశాయి. కారు ఏదో తేలింది గానీ గేర్‌బాక్స్ సంగతి మాత్రం తేలలేదు.

ప్రస్తుతం రెండు కార్లు నా దృష్టిలో ఉన్నాయి. మొదటిది 2006 నాటిది, స్టీరింగు వెనక పాడిళ్ళతో గేర్లు మార్చే ఎఫ్1 గేర్‌బాక్స్ కలది. ఇది తక్కువ తిరిగింది, ప్రతి సర్వీసుకూ బిల్లు ఉంది. క్లచ్ మార్చి ఎంతో కాలం కాలేదనీ, అరుగుదల 30 శాతం చూపిస్తోందనీ అమ్ముతున్నవారు చెబుతున్నారు. రెండవది 2007 నాటి ఆరు గేర్ల మాన్యువల్. మొదటిదానికి ఇంచుమించు రెట్టింపు తిరిగింది, నడుమ కొన్నేళ్ళ సర్వీసు కాగితాలు లేవు, అయినా దాని ధరే చాలా ఎక్కువ.

నేను రోజూ నడపను. సెలవు రోజుల్లో ఖాళీ రోడ్ల మీద నడపటానికే కొంటున్నాను. కాకపోతే ఆ రోడ్లు చేరేదాకా ఆగుతూ కదులుతూ సాగే ట్రాఫిక్‌ను దాటాలి. మా ఇంట్లో కారు పెట్టే చోటు నేల కింది అంతస్తులో ఉంది, ఏటవాలు దారి ఎక్కితే తప్ప బయటికి రాలేము. నా భార్య కూడా నడుపుతుంది. ఆమెకు క్లచ్ పెడల్ కొత్త కాదు, అయితే ట్రాఫిక్‌లో బరువైన పెడల్ తొక్కుతూ కూర్చోవటం తన వల్ల కాదని ముందే చెప్పేసింది.

ఎఫ్1 గేర్‌బాక్స్ క్లచ్‌లను తినేస్తుందన్న మాటలో నిజమెంత? మాన్యువల్‌కు అడుగుతున్న అదనపు ధరకు అర్థం ఉందా? లేక ఇంకొంత కాలం ఆగి, రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ ఉన్న 458 లాంటి తర్వాతి తరం కారు కొనుక్కోవటమే నయమా?


సమాధానం: నూనెచేతులు

ఇలాంటి కార్ల మరమ్మతే నా వృత్తి కనుక యంత్రం వైపు నుంచి మొదలుపెడతాను. ఎఫ్1 గేర్‌బాక్స్‌ను చాలామంది ఆటోమేటిక్ అనుకుంటారు, అది ఆటోమేటిక్ కాదు. లోపల ఉన్నది మాన్యువల్ కారులో ఉండే గేర్‌బాక్సే, క్లచ్ కూడా ఒక్కటే. పెడల్ తొక్కే కాలి పనినీ, గేరు కర్ర కదిపే చేతి పనినీ హైడ్రాలిక్ ఒత్తిడితో కదిలే యాక్చువేటర్లు చేస్తాయి, ఎప్పుడు ఎంత కదలాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. 1997లో ఎఫ్355తో ఫెరారీ రోడ్డు కార్లలోకి వచ్చిన ఈ పద్ధతి 360లోనూ ఎఫ్430లోనూ కొనసాగింది. లంబోర్గినీ ఈ-గేర్, తొలి ఆడి ఆర్8లోని ఆర్ ట్రానిక్, ఆస్టన్ మార్టిన్ స్పోర్ట్‌షిఫ్ట్ కూడా ఈ వంశానివే.

వేగంగా పోతున్నప్పుడు ఈ గేర్‌బాక్స్‌తో పెద్ద పేచీ లేదు. ఎఫ్430లో గేరు మారటానికి 150 మిల్లీసెకన్లు పడుతుంది, అదే పద్ధతిని సానబట్టి ఈ కారుకే మరింత పదునైన రూపమైన 430 స్కుదేరియాలో 60కి తెచ్చారు. పేచీ అంతా నడక వేగంలోనే. మామూలు ఆటోమేటిక్ కారులో ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ నడుమ టార్క్ కన్వర్టరులోని నూనె ఉంటుంది కనుక కారు మెల్లగా పాకుతున్నా అరిగేది ఏమీ ఉండదు. ఇక్కడ ఆ పాకుడంతా పొడి క్లచ్ పలక జారటం వల్లే జరుగుతుంది. మనిషి అయితే ముందున్న ఖాళీ చూసి, పెడల్ పూర్తిగా వదలాలో మళ్ళీ తొక్కాలో ముందే అంచనా వేసుకుంటాడు. కంప్యూటరుకు ఆ ఖాళీ కనబడదు. మీ కాలు యాక్సిలరేటరు మీద తటపటాయిస్తే అదీ తటపటాయిస్తుంది, పలక అంతసేపూ రాపిడిలోనే ఉంటుంది. అన్నిటికన్నా చేటు చేసేది ఏటవాలు మీద రివర్సు గేరులో ఎక్కించటం.

అందుకే ఒకే మోడల్‌లో ఒకరి క్లచ్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది, మరొకరిది చూస్తుండగానే అయిపోతుంది. తేడా నడిపే అలవాటులో ఉంది. ఆగినప్పుడల్లా రెండు పాడిళ్ళూ కలిపి లాగి న్యూట్రల్‌కు తేవాలి, ముందు తగినంత ఖాళీ ఏర్పడ్డాకే స్థిరంగా కదిలించాలి, గేరు పెంచేటప్పుడు యాక్సిలరేటరును ఒక్క పిసరు వదలాలి. గేరు మారినప్పుడు తల ముందుకు ఊగుతోందని ఫిర్యాదు చేసేవారిలో అధికులు ఈ ఆఖరి పని చేయనివారే.

క్లచ్ కాక చూడవలసింది హైడ్రాలిక్ వ్యవస్థ. డ్రైవరు తలుపు తెరవగానే వెనక నుంచి సన్నని మోటారు చప్పుడు వినిపించాలి, ఒత్తిడి పెంచుకోవటానికి పంపు తిరుగుతుంది. అది కొద్ది సెకన్లలో ఆగిపోతే మంచిదే. ఎంతకీ ఆగకపోయినా, గేర్లు మార్చకుండా ఇగ్నిషన్ వేసి ఉంచినప్పుడు మాటిమాటికీ తిరుగుతున్నా, ఒత్తిడిని నిలవ ఉంచే అక్యుములేటరు బలహీనపడి ఉండవచ్చు, లేదా ఎక్కడో కారుతూ ఉండవచ్చు. పంపును నడిపే రిలే అతుక్కుపోతే పంపు ఆగకుండా తిరిగి కాలిపోతుంది. ఆ రిలే అతి చౌక వస్తువు, పంపు మాత్రం కాదు.

మాన్యువల్ కొంటే ఈ హైడ్రాలిక్ బాధలన్నీ తప్పుతాయని మాత్రం అనుకోవద్దు. ఎఫ్430లో వెనక చక్రాలకు శక్తిని పంచే ఈ-డిఫ్ కూడా హైడ్రాలిక్ ఒత్తిడితోనే పనిచేస్తుంది కాబట్టి, మూడు పెడళ్ళ కారులోనూ పరీక్షించవలసిన పంపు ఒకటి ఉంటుంది.


సమాధానం: మూడుపెడళ్ళు

నూనెచేతులు గారు చెప్పినవన్నీ నిజమే. అయినా ఈ కారును ఎందుకు కొంటున్నారన్న ప్రశ్నకు వాటిలో జవాబు లేదు. గేరు ఎంత త్వరగా మారుతుందన్నదే ప్రధానమైతే ఎఫ్430 వైపు చూడనక్కరలేదు, ఇప్పటి మామూలు స్పోర్ట్స్ సెడాన్లు దానికన్నా త్వరగా మారుస్తాయి. 150 మిల్లీసెకన్లు ఆనాటికి గొప్ప, ఈనాటికి కాదు. మాన్యువల్ ఆ పందెంలోనే లేదు కనుక దానికి పాతబడటం లేదు. మెరిసే లోహపు పలకలో కోసిన గాళ్ళ మధ్య కర్ర ఒక గాడి నుంచి మరో గాడికి టక్కున పడే చప్పుడు, బ్రేకు మీద ఉన్న పాదపు అంచుతోనే యాక్సిలరేటరును తట్టి ఇంజను వేగాన్ని కలిపి కింది గేరుకు దిగటంలోని తృప్తి, నన్ను అడిగితే కారు విలువలో సగం అక్కడే ఉంది.

ధర ఎక్కువ కావటానికి కారణం మోజు ఒక్కటే కాదు. ఎఫ్430లు అమ్ముడైన రోజుల్లో అత్యధికులు ఎఫ్1నే కోరుకున్నారు, మాన్యువల్ కార్లు తక్కువగా తయారయ్యాయి. 2009లో వచ్చిన 458కు ఫెరారీ మాన్యువల్ ఇవ్వనే లేదు. లంబోర్గినీలోనూ గల్లార్డో తర్వాత 2014లో వచ్చిన హురకాన్‌కు క్లచ్ పెడల్ లేదు, ఆడి ఆర్8 రెండవ తరంలోనూ అది మాయమయింది. ఇక తయారు కాని వస్తువును కోరేవారు పెరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పోర్షే 2013లో తన జీటీ3 కారును పీడీకే అనే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌తో మాత్రమే అమ్మి, అభిమానుల గోలకు తలొగ్గి 2016లో మాన్యువల్ మాత్రమే ఉన్న 911 ఆర్‌ను తెచ్చి, 2017 జీటీ3లో మాన్యువల్‌ను తిరిగి ఇచ్చింది. ఆ కోరిక ఎంత బలమైనదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కొనేముందు మాన్యువల్‌లో చూడవలసినవి వేరుగా ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మొరాయించటం ఫెరారీలకు పాత అలవాటు. నూనె వేడెక్కాక కూడా మొరాయిస్తే, ముఖ్యంగా మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు పళ్ళు కొరికిన శబ్దం వస్తే, గేరు పడే ముందు పళ్ళ వేగాలను కలిపే సింక్రోమెష్ రింగులు అరిగాయన్నమాట. పై గేరులో తక్కువ వేగం నుంచి ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కి చూడండి. ఇంజను వేగం ఎగిరి, కారు వేగం అలాగే ఉంటే క్లచ్ జారుతోంది. ఇంకొక సంగతి, మీరు చూస్తున్న కారు ఫ్యాక్టరీ నుంచే మాన్యువల్‌గా వచ్చిందా అన్నది ఛాసిస్ నంబరు ఆధారంగా తయారీదారు రికార్డులలో నిర్ధారించుకోండి. లోపలి గేర్‌బాక్స్ ఒకటే కావటం వల్ల ఎఫ్1 కార్లకు పెడళ్ళూ గేరు కర్రా అమర్చి మాన్యువల్‌గా మార్చేవారు ఉన్నారు. పని చక్కగా చేస్తే నడపటానికి అది కూడా బాగానే ఉంటుంది, కానీ ఫ్యాక్టరీ మాన్యువల్ ధర దానికి ఇవ్వకూడదు.


సమాధానం: జంటక్లచ్

మీరు మూడవ దారి గురించి కూడా అడిగారు, దాన్ని ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌లో ఒక క్లచ్ బేసి గేర్లనూ, రెండవది సరి గేర్లనూ చూసుకుంటాయి. మీరు మూడులో ఉండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది, ఒక క్లచ్ వదులుతుంటే మరొకటి పట్టుకుంటుంది కనుక చక్రాలకు అందే శక్తి తెగదు. పైగా 458లో ఆ క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి, ట్రాఫిక్‌లో పుట్టే వేడిని ఆ నూనె తీసుకుపోతుంది. మీ భార్య గారు చెప్పిన ఇబ్బందికి ఇంతకన్నా మంచి మందు లేదు.

అయితే ఇది చెడితే చిన్నగా చెడదు. ఫెరారీలో ఈ గేర్‌బాక్స్‌కు తరచు వినబడే జబ్బు లోపలి సెన్సార్లది. సెన్సారు చిన్నదే అయినా దాన్ని చేరాలంటే గేర్‌బాక్స్‌ను దింపి తెరవాలి, తొలినాళ్ళలో అయితే తెరిచే ప్రసక్తి లేకుండా మొత్తం గేర్‌బాక్స్‌నే మార్చమనేవారు. ఇప్పుడు విప్పి బాగుచేసే నిపుణులు ఉన్నారు, అయినా ఖర్చు భారీగానే ఉంటుంది. అందుచేత గేర్‌బాక్స్ నూనె సకాలంలో మార్చిన రుజువు, వీలైతే వారంటీ, ఈ రెండూ లేని 458ని కొనమని నేను సలహా ఇవ్వను. బడ్జెట్టు ఎఫ్430కి సరిపోయి 458కి అంచున ఆగితే, అంచున కొనటం కన్నా ఎఫ్430ని కొని మిగిలిన డబ్బు మరమ్మతులకు పక్కన పెట్టుకోవటమే క్షేమం.


ప్రశ్న వేసినవారి స్పందన: మధ్యఇంజను

ముగ్గురికీ కృతజ్ఞతలు. 458 ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాను, నాది సరిగ్గా ఆ అంచు పరిస్థితే. మిగిలినది మొదటి రెండు కార్ల మధ్య ఎంపిక. నూనెచేతులు గారూ, అమ్మకందారు చెబుతున్న 30 శాతం అరుగుదల అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? మాన్యువల్ కారుకు అలాంటి అంకె ఏదీ ఉండదు కదా, దాన్ని ఎలా తూచాలి? మా ఏటవాలు దారి గురించి కూడా ఒక మాట చెప్పండి.


సమాధానం: నూనెచేతులు

ఆ అంకె అబద్ధం కాదు, అలాగని పూర్తి సత్యమూ కాదు. కంప్యూటరు పలక మందాన్ని కొలవదు. కొత్త క్లచ్ వేసిన రోజున అది ఏ స్థానంలో పట్టుకుందో నమోదు చేసుకుని, ఈరోజు ఏ స్థానంలో పట్టుకుంటోందో దానితో పోల్చి శాతం లెక్కకడుతుంది. క్లచ్ మార్చినవారు ఆ తొలి స్థానాన్ని సరిగ్గా నమోదు చేయించకపోతే తర్వాత వచ్చే ప్రతి అంకె తప్పే అవుతుంది. వేడికి, క్లచ్ పలక పట్టుకునే ఇంజను చక్రమైన ఫ్లైవీల్ మీద నీలిమచ్చలు పడినా, పలక గాజులా నున్నబడినా అంకెలో కనబడదు, కదిలేటప్పుడు వచ్చే వణుకులో మాత్రమే తెలుస్తుంది. కనుక అమ్మకందారు చూపే కాగితం మీద ఆధారపడక, ఈ కార్లకు తగిన స్కానరు ఉన్న స్వతంత్ర నిపుణుడి చేత మీ కళ్ళెదుట చదివించండి. క్లచ్ మార్చిన బిల్లులో ఫ్లైవీల్‌ను మార్చారా, మళ్ళీ వాడారా, క్లచ్‌ను నొక్కి విడదీసే విడుదల బేరింగు కొత్తదా అన్నవి రాసి ఉన్నాయా చూడండి. ఆ బేరింగు సీలు కారితే నూనె పలక మీద పడి, కొత్త క్లచ్ కూడా నాశనమవుతుంది. గేర్‌బాక్స్ దింపిన రోజునే దాన్ని మార్చని మరమ్మతు సగం మరమ్మతే.

మాన్యువల్‌కు శాతం అంకె లేదన్నది నిజం. మూడుపెడళ్ళు గారు చెప్పిన పరీక్షలు చాలావరకు సరిపోతాయి, వాటికి నేను ఒకటి కలుపుతాను. పాడిళ్ళ గేర్‌బాక్స్ ఇంజను తట్టుకోలేని కింది గేరును ఇవ్వనంటుంది. మాన్యువల్‌లో ఆ కాపలా లేదు. ఐదు నుంచి నాలుగుకు దిగబోయి పొరపాటున రెండులో వేస్తే, యాక్సిలరేటరు తొక్కకపోయినా చక్రాలే ఇంజనును పరిమితి దాటించి తిప్పుతాయి, ఇంజను వేగాన్ని హద్దులో ఉంచే రెవ్ లిమిటరు అప్పుడు ఏమీ చేయలేదు. పోర్షే కార్ల ఇంజను కంప్యూటరు ఇలాంటి సంఘటనలను పరిధులవారీగా దాచుకుంటుంది, వాడిన జీటీ3 కొనేవారు ఆ నివేదిక లేకుండా ముందుకు కదలరు. మీరు చూస్తున్న మాన్యువల్‌కు, సిలిండర్లలో ఒత్తిడి ఎంత పుడుతోందో చూసే కంప్రెషన్ పరీక్ష, అది ఎంత కారిపోతోందో చూసే లీక్‌డౌన్ పరీక్ష రెండూ చేయించండి. కాగితాలు లేని ఆ కొన్నేళ్ళలో ఏం జరిగిందో వాటిలో కొంతైనా బయటపడుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. గేర్‌బాక్స్ చర్చలో పడి ఎఫ్430కి బాగా తెలిసిన జబ్బును మరిచిపోవద్దు. దీని ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, అంటే ఇంజను నుంచి పొగను బయటికి తీసుకుపోయే గొట్టాలు, లోపల పగిలే అలవాటు ఉన్నవి, విరిగిన ముక్కలు ఇంజను వైపు చేరితే నష్టం క్లచ్ ఖర్చుకు ఎన్నో రెట్లు. చల్లటి ఇంజను స్టార్టు చేసిన మొదటి నిమిషంలో టిక్కుటిక్కుమనే శబ్దం వస్తే అనుమానించండి. ఏ కారులో మానిఫోల్డులు ఇప్పటికే మార్చారో ఆ కారుకు నా లెక్కలో గేర్‌బాక్స్ ఏదైనా సరే ఒక మెట్టు ఎక్కువ. మీరు చెప్పిన వివరాలను బట్టి, తనిఖీలో నెగ్గితే నేను మొదటి కారునే తీసుకుంటాను.


సమాధానం: మూడుపెడళ్ళు

నేను ఏకీభవించను. కాగితాలు లేని కాలానికి తగినట్టు ధర తగ్గించుకునే వీలుంది, ఫ్యాక్టరీ నుంచే రాని మూడో పెడల్‌ను తర్వాత ఫ్యాక్టరీదిగా తెచ్చుకునే వీలు లేదు. కానీ తనిఖీకి ముందు రెండు కార్లలో దేనికీ బయానా ఇవ్వవద్దన్న విషయంలో మాకు భేదం లేదు. మీ భార్య గారిని రెండు కార్లూ నడపమనండి, ఖాళీ రోడ్డు మీద కాదు, రద్దీ వేళలో. ఎఫ్430 క్లచ్ పెడల్ తన పాత కారు పెడల్ లాంటిదేనని తేలితే మీ బేరం ఇంకోలా నడవవచ్చు.


సమాధానం: నూనెచేతులు

ఏటవాలు సంగతి మరిచాను. కింది అంతస్తులో కారు తిప్పుకునే స్థలం ఉంటే ముందుకే దిగి, అక్కడ చదును నేల మీద తిప్పి, మూతి బయటికి ఉండేలా పెట్టండి. స్థలం లేకపోతే వెనక్కి దిగండి. వాలు కిందికి కనుక కారు తన బరువుతోనే జారుతుంది, క్లచ్ మీద పని దాదాపు ఉండదు, బ్రేకు చాలు. బయటికి వచ్చేటప్పుడు మొదటి గేరులో ఎక్కుతారు. తప్పించవలసింది ఒక్కటే, ముందుకు దిగి రివర్సులో ఎక్కటం. ఎక్కేటప్పుడు పైన తలుపు పూర్తిగా తెరుచుకున్నాకే కదలండి, సగం వాలులో యాక్సిలరేటరుతో కారును నిలబెట్టకుండా బ్రేకు తొక్కి ఉంచండి. ఈ గేర్‌బాక్స్‌కు ఆటోమేటిక్‌లో లాంటి పార్కింగ్ స్థానం లేదు. వాలు మీద ఆపవలసి వస్తే గేరులో ఉంచి ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయండి. వాలు మొదట్లోనూ చివరలోనూ ముందు బంపరు కింది అంచు నేలకు తగులుతుందేమో, కొనేముందు ఆ కారునే ఒకసారి మీ ఇంటికి తెప్పించి చూసుకోండి. మానిఫోల్డుల వివరం, స్కానరు నివేదిక వచ్చాక ఇక్కడ పెడితే చదివి చెబుతాను.